మన కానాగంత... శాస్త్రంలో కనగుర్త!

ఉత్తరాంధ్ర మత్స్యకారుల నోటి మాట ఒకటి రెండొందల ఏళ్ల కిందట సముద్రాలు దాటింది. పారిస్‌ శాస్త్రవేత్త పుస్తకంలోకెక్కి ఒక చేపకు శాశ్వతమైన పేరైంది. అలా వెళ్లిన మాట అదొక్కటే కాదు. మన తీరం సైన్సుకు ఇచ్చిన పేర్ల కథ ఇది. ఆ పేర్లు ఇప్పుడు పుట్టింట్లోనే వినిపించకుండా పోతున్నాయా అన్నదే అసలు ప్రశ్న.

తెల్లారేసరికి పడవలు ఒడ్డుకు చేరతాయి. కళింగపట్నం అయినా, భావనపాడు అయినా, విజయనగరం జిల్లాలోని చింతపల్లి, ముక్కాం అయినా ఆ వేళ దృశ్యం ఒక్కటే. వలలోంచి చేపలు దులుపుతుంటారు మగవాళ్లు. రకాలవారీగా ఏరి కుప్పలు పోస్తారు ఆడవాళ్లు. నీలం, ఆకుపచ్చ కలిసిన వీపు, వెండిలా మెరిసే పొట్ట, జానెడు పొడవు... ఆ కుప్పను చూడగానే ఎవరూ చెప్పకుండానే అందరూ గుర్తుపడతారు. అవి కానాగంతలు. కొన్ని ఊళ్లలో కనగడత అంటారు. కానగుర్త అనేవాళ్లూ ఉన్నారు. పులుసైనా, వేపుడైనా, ఉప్పుపెట్టి ఎండబెట్టినా దాని రుచే వేరు.

ఇదే చేపను మలేషియాలో ఒక పేరుతో పిలుస్తారు. ఈజిప్టులో మరో పేరు. ఇంగ్లిషువాళ్లకు ఇండియన్‌ మాకరెల్‌. కానీ ఈ దేశాల్లో ఎక్కడి శాస్త్రవేత్త అయినా దీని గురించి పరిశోధనా పత్రం రాయాలంటే మాత్రం ఒకే పేరు రాయాలి... రాస్ట్రెల్లిగర్‌ కనగుర్త!

అవును, కనగుర్త. అచ్చంగా మన తీరం మాటే. గ్రీకు కాదు, లాటిన్‌ కాదు. ఉత్తరాంధ్ర జాలర్లు, వాడబలిజలు తరతరాలుగా పలుకుతున్న తెలుగు పేరు. మరి అది అంత దూరం ఎలా వెళ్లింది?

పాముల డాక్టరు... చేపల పుస్తకం

ఈ కథకు నాయకుడు ఒక స్కాట్లండ్‌ వైద్యుడు. పేరు పాట్రిక్‌ రస్సెల్‌. ఎడిన్‌బరోలో పుట్టాడు. ఇప్పటి సిరియాలోని అలెప్పో నగరంలో చాలాకాలం వైద్యం చేశాడు. అక్కడ ప్లేగు వ్యాధిని దగ్గర నుంచి చూసి దానిమీద పెద్ద గ్రంథమే రాశాడు. అతని సోదరుడు క్లాడ్‌ రస్సెల్‌ ఈస్టిండియా కంపెనీ అధికారి. క్లాడ్‌కు విశాఖపట్నంలో ఉద్యోగం కావడంతో 1780ల మొదట్లో పాట్రిక్‌ కూడా అతనితోపాటు ఇక్కడికొచ్చాడు. అప్పటికే యాభై దాటిన వయసు.

ఆ వయసులో ఎవరైనా విశ్రాంతి కోరుకుంటారు. రస్సెల్‌ మాత్రం కొత్త ఊళ్లో కొత్త పని మొదలుపెట్టాడు. చెట్లు, పాములు, చేపలు... కనిపించిన ప్రతిదాన్నీ పరిశీలించడమే. 1785లో కంపెనీ అతన్ని తన ప్రకృతి శాస్త్రవేత్తగా నియమించింది. 1789లో స్వదేశానికి తిరిగి వెళ్లేదాకా అదే పని.

పాముల విషయంలో అతని పేరు చాలామందికి తెలుసు. రక్తపింజరిని ఇంగ్లిషులో రస్సెల్స్‌ వైపర్‌ అంటాం కదా, ఆ రస్సెల్‌ ఇతనే. 1796లో అచ్చయిన తన పాముల పుస్తకంలో దానికి ఇక్కడివాళ్లు చెప్పిన పేరునే రాసుకున్నాడు... కాటుక రేకుల పొడ! 

చేపల పుస్తకం సంగతి అంతగా ఎవరికీ తెలియదు. 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడిందది. పేరే చాంతాడంత ఉంటుంది. కోరమాండల్‌ తీరంలోని విశాఖపట్నంలో సేకరించిన రెండొందల చేపల వర్ణనలు, చిత్రాలు అని దాని అర్థం. ఒక్కో చేపకు ఒక్కో బొమ్మ. మళ్లీ రెండేళ్లకు, 1805లో, రస్సెల్‌ కన్నుమూశాడు.

విశాఖ పుస్తకం కదా, శ్రీకాకుళం, విజయనగరాలకు సంబంధమేంటి అంటారా? అప్పటికి ఈ జిల్లాల గీతలే లేవు. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. శ్రీకాకుళాన్ని తెల్లవాళ్లు చికాకోల్‌ అనేవారు. ఇచ్ఛాపురం నుంచి విశాఖ దాకా సముద్రం ఒకటే, వేట పద్ధతులు ఒకటే, వేటాడే కులాలు ఒకటే. చేపలకైతే సరిహద్దులు అసలే లేవు. రస్సెల్‌ పుస్తకంలో ఉన్నవి ఈ తీరమంతటి చేపలు, ఈ తీరమంతటి పేర్లు.

మత్స్యకారుడు చెప్పిందే పేరు

రస్సెల్‌ గొప్పతనం ఎక్కడుందంటే... తాను చూసిన చేపల్లో చాలావాటికి అప్పటికి శాస్త్రంలో పేరే లేదు. మరొకరైతే లాటిన్‌లో ఏదో ఒక పేరు పెట్టేసి, చివర తన పేరు తగిలించుకునేవారు. రస్సెల్‌ ఆ పని చేయలేదు. ఇక్కడివాళ్లు ఏమని పిలుస్తారో దాన్నే ఇంగ్లిషు అక్షరాల్లో రాసి బొమ్మ కింద వేశాడు.

విదేశీ చెవికి వినిపించిన తెలుగు కాబట్టి స్పెల్లింగులు కాస్త తమాషాగా ఉంటాయి. పైకి చదివితే మాత్రం అసలు మాట ఇట్టే దొరికిపోతుంది. ముట్టుకుంటే కరెంటు షాక్‌ కొట్టే చేప ఒకటుంది. దానికి రస్సెల్‌ రాసుకున్న పేరు తెమెరీ. ఆ జాతిలోనే మరొకటి నల్ల తెమెరీ. ఏమిటా తెమెరీ అని ఆలోచిస్తే నవ్వొస్తుంది... తిమ్మిరి! చేప కొడితే చెయ్యి తిమ్మిరెక్కుతుంది కదా. ఒక్క మాటలో ఆ చేప గుణం మొత్తం చెప్పేశారు మనవాళ్లు.

పాల సొర్రా మరొకటి. బాలింతలకు పాలుపడతాయని వండిపెట్టే పాలసొర అన్నమాట. ఇంగ్లిషులో కూడా ఈ జాతి సొరను మిల్క్‌ షార్క్‌ అంటారు. ఆ పేరు వెనక ఉన్నది మనదేశంలోని ఈ నమ్మకమే. ఇక విశాఖ వెళ్లినవాళ్లు అడిగి మరీ కొనుక్కునే కోనాం కూడా ఆ పుస్తకంలో ఉంది, కోనం అన్న పేరుతో.

ఒక్కసారి ఊహించండి. ఫొటోలు లేవు. ఐసు లేదు. చేప చచ్చిన కొద్దిసేపటికే రంగు మారిపోతుంది. మన ఎండకు పూట గడిస్తే పాడైపోతుంది. ఆలోగా కొలతలు తీసుకోవాలి, ముళ్లు, పొలుసులు లెక్కపెట్టాలి, బొమ్మ గీయించాలి. బొమ్మలు గీసింది స్థానిక చిత్రకారుడు. చేపలు తెచ్చిందీ, పేర్లు చెప్పిందీ మత్స్యకారులు. పుస్తకం మొదటి పుట మీద ఉన్నది మాత్రం ఒక్క రస్సెల్‌ పేరే. తతిమ్మావాళ్లు ఎవరో ఆ పుట చెప్పదు. వాళ్లు పలికిన మాటలే వాళ్ల జ్ఞాపకం.

ఇంటిపేరు మారినా...

పుస్తకం లండన్‌ నుంచి పారిస్‌ చేరింది. అక్కడ జార్జ్‌ కువియే అనే మహా శాస్త్రవేత్త ఉన్నాడు. ప్రపంచంలోని జంతువులన్నిటినీ ఒక క్రమంలో పెట్టాలన్నది ఆయన పట్టుదల. రస్సెల్‌ బొమ్మలు ఆయనకు గనిలా దొరికాయి. 1816లో అచ్చయిన తన గ్రంథంలో, రస్సెల్‌ వేసిన బొమ్మ ఆధారంగానే, ఒక చేపకు స్కాంబర్‌ కనగుర్త అని పేరు పెట్టాడు. అలా మన కానాగంత శాస్త్రంలోకి అడుగుపెట్టింది.

మరి ఇప్పుడు రాస్ట్రెల్లిగర్‌ అంటున్నారేం అన్న అనుమానం రావచ్చు. శాస్త్రీయ నామంలో రెండు మాటలుంటాయి. మొదటిది ప్రజాతి, రెండోది జాతి. అచ్చం మన తెలుగువాళ్ల పేర్లలాగే, ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు! పరిశోధన పెరిగేకొద్దీ ఒక చేప ఫలానా కుటుంబానికి చెందదని తేలితే ఇంటిపేరు మారుస్తారు. సొంత పేరు మాత్రం అలాగే ఉంచుతారు. పెళ్లయి ఇంటిపేరు మారినా అమ్మాయి పేరు మారదు కదా, అలాగన్నమాట.

1908లో కానాగంతకు అలాగే కొత్త ఇంటిపేరు వచ్చింది. రాస్ట్రెల్లిగర్‌ అంటే దంతెను మోసేది అని అర్థం. ఈ చేప మొప్పల లోపల దంతె పళ్లలాంటి పొడవైన ముళ్లు వరుసగా ఉంటాయి. గుంపులుగా, నోరు బార్లా తెరుచుకుని ఈదుతుంది. నోట్లోకొచ్చిన నీరు మొప్పల్లోంచి బయటికి పోతుంది. నీటిలోని సన్నటి జీవులు మాత్రం దంతెకు చిక్కిన గడ్డిలా లోపలే ఆగిపోతాయి. అదే దాని భోజనం. ఇంటికి తెచ్చిన కానాగంత నోరు తెరిచి, వెలుతురులో లోపలికి చూస్తే ఆ దంతె ఎవరికైనా కనిపిస్తుంది. పిల్లలకు చూపిస్తే పుస్తకంలో పాఠం కంటే బాగా గుర్తుంటుంది.

ఈ చేప ఎర్రసముద్రం నుంచి పసిఫిక్‌ దీవుల దాకా విస్తరించి ఉంది. సూయజ్‌ కాలువ తవ్వాక దానిగుండా ఈదుకుంటూ మధ్యధరా సముద్రంలోకీ వెళ్లింది. ఎక్కడికెళ్లినా పేరు మాత్రం ఉత్తరాంధ్రదే!

ఏడేళ్ల తేడాలో...

అన్ని పేర్లకూ ఇంత అదృష్టం లేదు. పుస్తెలమ్మైనా తినాలంటారే, ఆ పులస సంగతే చూడండి. రస్సెల్‌ దాన్ని పలాసా అని రాసుకున్నాడు. పొలస అన్నమాట. కువియే 1829లో దానికి క్లూపియా పలాసా అని పేరు పెట్టాడు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది. ఫ్రాన్సిస్‌ హామిల్టన్‌ అనే మరో వైద్యుడు గంగానది చేపల మీద 1822లోనే పుస్తకం వేశాడు. అందులో అదే చేపకు బెంగాలీ పేరు పెట్టేశాడు. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది శాస్త్ర ప్రపంచపు నియమం. ఏడేళ్ల తేడాలో బెంగాలీల ఇలిష్‌ గెలిచింది, మన పొలస ఓడింది. ఇప్పుడు దాని శాస్త్రీయ నామం టెన్యువలోసా ఇలిషా. మన చెరువుల్లో పెంచే రోహు, కట్ల శాస్త్రీయ నామాలు కూడా అదే పుస్తకంలోంచి వచ్చాయి.

కోనాం కూడా ఇలాగే వెనకబడింది. 1851లో బ్లీకర్‌ అనే డచ్చి శాస్త్రవేత్త సైబియం కోనం అని పేరు పెట్టాడు. ఆ చేపకు 1800లోనే ఫ్రాన్సులో వేరే పేరు పెట్టేశారని తర్వాత తేలింది.

సొర కథ మరీ విచిత్రం. డిగ్రీలో జువాలజీ చదివిన పాతతరం వాళ్లకు స్కోలియోడాన్‌ గుర్తుండే ఉంటుంది. ల్యాబులో ట్రేలో పెట్టి కోసిన చిన్న సొరచేప. దేశమంతా ఎన్నో తరాల విద్యార్థులు రికార్డు పుస్తకాల్లో దాని పేరు స్కోలియోడాన్‌ సొర్రాకోవా అని రాసుకున్నారు. ఆ సొర్రాకోవా మరేదో కాదు, రస్సెల్‌ పుస్తకంలోని పేరే. పంజాబులోనో, బీహారులోనో సముద్రం మొహం చూడని కుర్రాడు కూడా పరీక్షలో ఒక తెలుగు మాట రాసి మార్కులు తెచ్చుకున్నాడన్నమాట! తర్వాత శాస్త్రవేత్తలు ఆ సొరకు లాటికాడస్‌ అన్న పేరును ఖాయం చేశారు. 

పేరు పోతే లెక్క పోతుంది

ఇదంతా పాత గొప్పలు చెప్పుకోవడానికేనా? కాదు. చేపల మీద నేటి పరిశోధనకు కూడా ఈ పేర్లే పునాది.

మన సముద్రంలో ఏ చేప ఎంత పడుతోందో లెక్కకట్టే పని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థది. సీఎంఎఫ్‌ఆర్‌ఐ అంటారు. 1947లో ఏర్పడిన ఈ సంస్థకు విశాఖలోనూ కేంద్రముంది. వాళ్ల సిబ్బంది ఎంపిక చేసిన రోజుల్లో తీరాలకు వెళ్తారు. ఒడ్డుకొచ్చిన పడవల్లోంచి కొన్నింటిని నమూనాగా తీసుకుంటారు. వాటిలో ఏ రకం ఎంత ఉందో రాసుకుని, దాన్నిబట్టి మొత్తం వేటను అంచనా వేస్తారు. ఇసుకలో నిలబడి ఆ లెక్క రాసుకునే మనిషికి ముందు వినిపించేది మత్స్యకారుడు చెప్పే పేరే. ఆ పేరు ఏ జాతిదో కచ్చితంగా తెలిస్తేనే లెక్క సరిగ్గా వస్తుంది.

ఆ పని అనుకున్నంత తేలిక కాదు. కవ్వలు అన్న ఒక్క మాట కింద చాలా రకాలుంటాయి. గొరకల్లోనూ అంతే. తెల్ల చందువ, నల్ల చందువ అక్కాచెల్లెళ్లలా వినిపిస్తాయి. శాస్త్రం ప్రకారం మాత్రం నల్ల చందువ అసలు చందువే కాదు, పార చేపల కుటుంబంలోది. కాబట్టి ఊరి పేరు ఒక్కటే చాలదు, శాస్త్రం ఒక్కటే చాలదు. రెండూ కలవాలి. 1870ల్లో భారతదేశపు చేపల మీద పెద్ద గ్రంథం రాసిన ఫ్రాన్సిస్‌ డే కూడా తెలుగు పేర్లను వదిలిపెట్టకుండా నమోదు చేసింది అందుకే పనికొచ్చింది.

పాత పేర్లు సాక్ష్యం కూడా చెబుతాయి. సముద్రం వేడెక్కుతున్నకొద్దీ కానాగంతలు ఉత్తరాదికి విస్తరిస్తున్నాయనీ, లోతు నీళ్లలోకీ దిగుతున్నాయనీ సీఎంఎఫ్‌ఆర్‌ఐ శాస్త్రవేత్తలు గమనించారు. ఇలాంటి మార్పును కొలవాలంటే ఒకప్పుడు ఎక్కడ ఏ చేప ఉండేదో తెలియాలి. 1780ల్లో మన తీరంలో కానాగంత ఉందనడానికి రస్సెల్‌ బొమ్మే రుజువు. అదే పుస్తకంలో రంపం చేప కూడా ఉంది. పొడవాటి ముక్కుకు రెండువైపులా పళ్లున్న ఆ వింతచేప ఇప్పుడు అంతరించిపోయే అంచున ఉంది. 2001 నుంచి దాన్ని పట్టడం చట్టరీత్యా నేరం. బొమ్మ మిగిలింది, చేపే కనిపించడం లేదు. 

మిగతావాటి విషయంలో చేప ఉండి పేరు పోయే ప్రమాదం ఉంది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా బతుకుతెరువు కోసం ఇక్కడి యువకులు గుజరాత్‌లోని వెరావల్‌ దాకా వెళ్తున్నారు. 2018 నవంబరులో అలా అక్కడి బోట్లలో వేటకెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్థాన్‌ చేతికి చిక్కారు. ఏడాదికి పైగా జైల్లో గడిపి, 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇంటికి చేరారు. వలస వెళ్లిన చోట యజమాని భాష వేరు. అక్కడ కానాగంతను బంగడా అంటారు. కేరళ బోటెక్కితే ఐల. ఏడాదిలో అత్యధిక నెలలు అక్కడే గడిపే కుర్రాడి నోట ఏ పేరు నిలుస్తుంది? తాతతోపాటు తెప్ప మీద వెళ్లి, ఇది ఫలానా, దీనికి ఈ కాలం, దీన్ని ఈ లోతులో వెతకాలి అని నేర్చుకునే అవకాశం ఆ కుర్రాడికి ఏదీ? పేరుతోపాటు పోయేది ఆ చదువు మొత్తం.

అలాగని పెద్ద ఖర్చేమీ అక్కర్లేని పని ఇది. ఏటా ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 దాకా తూర్పుతీరంలో మర పడవల వేటకు విరామం. పిల్లలకు వేసవి సెలవులు కూడా అప్పుడే. ఊళ్లోని పెద్దవాళ్ల దగ్గర కూర్చుని వాళ్లకు తెలిసిన చేపల పేర్లు, గుర్తులు, కాలాలు ఒక నోటుపుస్తకంలో రాసుకోవచ్చు. వేట మొదలయ్యాక చేప దొరికినప్పుడల్లా సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసి పక్కన పెట్టుకోవచ్చు. రస్సెల్‌ చేసింది కూడా సరిగ్గా అదే కదా! ఈసారి చెప్పినవాళ్ల పేర్లు కూడా రాస్తే, ఆ పాత పుస్తకం చేయని న్యాయం చేసినట్టవుతుంది.

రేపు పొద్దున మళ్లీ పడవలొస్తాయి. ఒడ్డున కుప్ప ముందు కూర్చున్న అమ్మ, ‘‘కానాగంతలమ్మా... కానాగంతలు’’ అని కేకేస్తుంది. పారిస్‌ పండితుడు రెండొందల ఏళ్ల కిందట పుస్తకంలో రాసుకున్న మాట అది. ఆమె నోట ఇంకా తాజాగానే ఉంది.

మన పేర్లే... ఆ పేర్లు!

కనగుర్త: రాస్ట్రెల్లిగర్‌ కనగుర్త. కానాగంత. 1816 నుంచి నేటిదాకా చెల్లుబాటులో ఉంది.

జెల్లో: స్ఫైరీనా జెల్లో. కత్తుల్లాంటి పళ్లుండే బర్రాకుడా. రస్సెల్‌ రాసుకున్న పేరునే 1829లో కువియే ఖాయం చేశాడు.

గువోరక: పొమడాసిస్‌ గువోరక. రస్సెల్‌ విన్న ‘గొరక’ ఇలా మారింది. ఇదీ ఇప్పటికీ చెల్లుతోంది.

బంగారు పాము: రస్సెల్‌ పాముల పుస్తకంలోని ఈ పేరు నుంచే కట్లపాముల ప్రజాతికి బంగారస్‌ అన్న పేరు వచ్చింది.

రస్సెల్‌: ఎవరి పేరూ తగిలించకుండా ఊరి పేర్లు రాసిన రస్సెల్‌ను శాస్త్రవేత్తలు మరిచిపోలేదు. డెకాప్టెరస్‌ రస్సెల్లీ, లుట్జానస్‌ రస్సెల్లీ, టెరాయిస్‌ రస్సెల్లీ అని మూడు సముద్ర చేపలకు ఆయన పేరు పెట్టారు.